బాధపడేవాడికి కారణం చెప్పే పెద్దలకు బహిరంగ లేఖ

ప్రవచనకర్తలకు, పాస్టర్లకు, ఇమాములకు, వేదాంతం పాఠం చెప్పే ఆచార్యులకు,

నమస్కారం.

చావు జరిగిన ఇంట్లోకి వెళ్లి, ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చునే మనుషులు మీలో చాలామంది ఉన్నారు. ఆ మేలు మరిచి రాస్తున్న లేఖ కాదిది. కానీ సభల్లో లేచి నిలబడి, చీటీలు పంపి, ఉత్తరాలు రాసి మాలాంటివాళ్లం అడుగుతూ వచ్చిన ఒక ప్రశ్నకు మీ నుంచి ఎప్పుడూ ఒకటే జవాబు: "నమ్మకం ఉంచండి, అతిగా ఆలోచించకండి." అందుకని ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ప్రశ్న పాతదే. దేవుడు సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, దయామయుడు అంటారు. అలాంటప్పుడు లోకంలో ఇంత చెడు, ఇంత బాధ ఎందుకున్నట్టు? ఆపగలిగీ ఆపకపోతే దయ ఏది? ఆపాలని ఉండీ ఆపలేకపోతే శక్తి ఏది? గ్రీకు తాత్వికుడు ఎపిక్యురస్ పేరు మీద ఇది చెలామణి అవుతోంది. తమాషా ఏమిటంటే, దీన్ని భద్రంగా మనదాకా చేర్చినవాడు లాక్టాన్షియస్ అనే క్రైస్తవ రచయిత, అదీ ఖండించడానికని ఎత్తి రాసి. మొసలి నోట చిక్కిన పోతన గజేంద్రుడు కూడా "కలడు కలడనెడివాడు కలడో లేడో" అని ముందు అనుమానపడ్డాడు, తర్వాతే శరణన్నాడు. ఆ పద్యాన్ని పిల్లల చేత వల్లె వేయిస్తాం. అదే అనుమానం ఒక పిల్లవాడు సొంత మాటల్లో అడిగితే మాత్రం కసురుకుంటాం.

దేవుడు లేడని తేల్చడం నా ఉద్దేశం కాదని ముందే చెబుతున్నాను. 1955లో జె.ఎల్. మాకీ అనే తాత్వికుడు, దేవుడికి చెప్పే ఈ గుణాలకూ లోకంలోని చెడుకూ తర్కంలోనే పొత్తు కుదరదని వాదించాడు. 1974లో ఆల్విన్ ప్లాంటింగా అనే మరో తాత్వికుడు బదులిచ్చాడు. మనుషులకు నిజమైన స్వేచ్ఛ ఇచ్చి, వాళ్లు ఎన్నడూ తప్పు చేయకుండా కూడా చూడటం దేవుడికైనా కుదరకపోవచ్చు, కాబట్టి రెండూ ఉండటంలో వైరుధ్యం లేదన్నాడు. దేవుణ్ని నమ్మని తాత్వికుల్లో కూడా చాలామంది, తర్కం వరకు అతని మాట నిలుస్తుందని ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకుంటాను. చెడు ఉన్నంత మాత్రాన దేవుడు లేడని తేలిపోదు.

నా ఫిర్యాదు ఆ తర్వాతి మెట్టు మీద. "పొసగవచ్చు" అనడం వేరు, "ఇదిగో ఇందుకే నీకు ఇలా జరిగింది" అనడం వేరు. మొదటిది తత్వశాస్త్రం. రెండోది ఎదుటి మనిషి జీవితం మీద ఇచ్చే తీర్పు. మీరు వేదిక మీద మొదటిదానితో మొదలుపెట్టి, కిందికి దిగి పలకరింపులకు వచ్చేసరికి రెండోదానిలోకి జారిపోతున్నారు. దేవుడి మీద నింద పడకుండా కాయడానికి చెప్పే ప్రతి కారణానికీ ఒక ఖరీదు ఉంటుంది. అది మీరు కట్టడం లేదు. అప్పటికే దెబ్బతిన్నవాడి చేత కట్టిస్తున్నారు. ఎలాగో వరుసగా చెబుతాను.

1. "ఇది దేవుడి శిక్ష."

1755 నవంబరు 1, సకల పరిశుద్ధుల పండుగ. లిస్బన్ నగరంలో చర్చిలు జనంతో నిండి ఉన్న వేళ భూమి కంపించింది. ప్రార్థన చేస్తున్నవాళ్ల మీదే పైకప్పులు కూలాయి. వెలుగుతున్న కొవ్వొత్తుల నుంచి, పొయ్యిల నుంచి నిప్పు అంటుకుంది. తీరానికి పరుగెత్తినవాళ్లను సముద్రం ముంచింది. పదుల వేల మంది పోయారు. దేవుడు సృష్టించగలిగిన లోకాల్లో ఇదే శ్రేష్ఠమైనదని 1710లో జర్మన్ తాత్వికుడు లైబ్నిజ్ చెప్పిన సిద్ధాంతాన్ని ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ లాంటివాళ్లు ఎద్దేవా చేసింది ఆ విపత్తు తర్వాతే. ఆ తాత్విక గొడవ కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది గాబ్రియెల్ మలగ్రీడా అనే కాథలిక్ (జెసూట్ సంఘం) బోధకుడి కరపత్రం. మరుసటి ఏడాది అచ్చయింది. భూకంపం ప్రకృతి వల్ల రాలేదు, లిస్బన్ జనం పాపాల వల్ల వచ్చిందన్నాడు. గుడిసెలు వేసుకోవడంలో, కొత్త ఇళ్లు కట్టుకోవడంలో జనం చూపిస్తున్న పట్టుదల పశ్చాత్తాపంలో చూపిస్తే ఎంత బాగుండునని వాపోయాడు. ఇల్లు కూలి, పిల్లలు పోయి, ఆరుబయట పడి ఉన్న మనిషిని ఉద్దేశించి అన్న మాట అది. (ఐదేళ్లకు ఇన్‌క్విజిషన్ అనే మత న్యాయస్థానం అతణ్నే మతద్రోహి అని చంపించింది. అదీ దేవుడి పేరు మీదే.)

అవే సంవత్సరాల్లో పోర్చుగల్ ప్రభుత్వం ఊరూరి చర్చికీ ఒక ప్రశ్నావళి పంపింది. ప్రకంపనం ఎంతసేపు ఉంది, సముద్రంలో ఏ మార్పు కనిపించింది, ఎన్ని ఇళ్లు కూలాయి, ఎంతమంది చనిపోయారు అని. జవాబులు రాసి పంపినవాళ్లు అక్కడి పాదిరీలే. భూకంపాల మీద పరిశోధించేవాళ్లు ఆ కాగితాలను ఇప్పటికీ తిరగేస్తారు. మలగ్రీడా కరపత్రం ఎవరికీ ఎందుకూ కొరగాలేదు.

మహానుభావులు కూడా ఈ గోతిలో పడ్డారు. 1934 జనవరి 15న బీహార్, నేపాల్ ప్రాంతాలను భూకంపం కుదిపేసినప్పుడు పదివేల మందికి పైగా చనిపోయారు. అంటరానితనం అనే పాపానికి ఇది దేవుడు వేసిన శిక్ష అన్నారు గాంధీ. అంటరానితనం మీద ఆయన పోరాటాన్ని మనసారా సమర్థించిన రవీంద్రనాథ్ ఠాగూరే ఆ మాటను ఖండించారు. భౌతిక ఉపద్రవాలకు భౌతిక కారణాలే ఉంటాయన్నారు. ఇంకో సంగతి కూడా ఎత్తిచూపారు: ఈ తరహా వాదన గాంధీ కన్నా ఆయన ప్రత్యర్థులకే బాగా అక్కరకొస్తుంది, ఈ విపత్తుకు ఆయన ఉద్యమమే కారణమని వాళ్లు కూడా ఇంతే ధీమాగా చెప్పగలరు. ఆ ఖండనను గాంధీ తన హరిజన్ పత్రికలోనే అచ్చువేశారు. ఆ పెద్దమనసు మీ వేదికల మీద ఎక్కడుందని అడిగితే కోపగించుకోకండి.

శిక్ష వాదంలోని అసలు లోపం ఠాగూర్ పట్టుకున్నదే. శవాల కుప్ప దగ్గర నిలబడి ఎవరికి నచ్చని పాపాన్ని వారు దానికి అంటగట్టవచ్చు. శిథిలాల కింద ఉన్నవాడు కాదనలేడు.

2. "పూర్వజన్మ కర్మ."

దీని మీద కొంచెం ఎక్కువే రాయాలి. ఎందుకంటే ఇది తెలివైన సమాధానం, చాలామందికి ఊరట కూడా. ఇదే ప్రశ్నను వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాలు నేరుగా ఎదుర్కొంటాయి. రెండో అధ్యాయం మొదటి పాదం 34వ సూత్రం: ఈశ్వరుడికి వైషమ్యం, నైర్ఘృణ్యం, అంటే పక్షపాతం, క్రూరత్వం అంటవు, ఎందుకంటే ఆయన జీవుల కర్మను అనుసరించి సృష్టిస్తాడు. శంకరులు వాన ఉదాహరణ ఇస్తారు. వాన అన్ని చేలకూ ఒక్కటే, పంటలోని తేడా విత్తనాన్ని బట్టి. మరి మొట్టమొదటి సృష్టికి ముందు కర్మ ఎక్కడిది? సంసారం అనాది కాబట్టి "మొదట" అనేదే లేదని తర్వాతి సూత్రం జవాబు.

ఇక్కడితో ఆపేసి పుస్తకం మూసేస్తారు మీరు. అదే అధ్యాయం రెండో పాదం 37వ సూత్రం దగ్గర శంకరులు ఏమంటారో మాకు చెప్పరు. ఈశ్వరుడు లోకానికి నిమిత్తకారణం (కుండకు కుమ్మరిలా) మాత్రమే అనే వాదులను ఖండిస్తూ, హెచ్చుతగ్గులు సృష్టించిన ఈశ్వరుడికి రాగద్వేషాలు అంటవా అని ఆయనే నిలదీస్తారు. కర్మను బట్టి కదా అంటే, కర్మను నడిపేది ఈశ్వరుడు, ఈశ్వరుణ్ని నడిపేది కర్మ, ఒకదాని మీద ఒకటి ఆధారపడుతున్నాయి కదా అంటారు. అది అనాది అంటే, ఎంత వెనక్కి వెళ్లినా అదే దోషం, గుడ్డివాణ్ని పట్టుకుని గుడ్డివాడు నడిచినట్టే అని తోసేస్తారు. ఆ ఖండన వేరే సిద్ధాంతం మీద అన్నది నిజమే. అద్వైతులకు తమ తేడా తాము చూపించుకునే దారీ ఉంది. కానీ "అనాది" అనగానే లెక్క తేలిపోదని ఆయనకు తెలుసు. ఇంత నిజాయితీగా తడిమిన చిక్కును మీరు సామాన్యుడి దగ్గరికి వచ్చేసరికి "ఏం పాపం చేశావో" అనే మూడు మాటల్లోకి దించేశారు.

ఆ మూడు మాటలు ఎక్కడికి వెళ్తాయో చూడండి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన బిడ్డను ఎత్తుకున్న తల్లి దగ్గరికి వెళ్తాయి. ఆ బిడ్డ కణాల్లో 21వ క్రోమోజోమ్ రెండు బదులు మూడు ఉంటుందని 1959లోనే తెలిసింది. ఆ పరిశోధనలో ప్రధానంగా పేరున్న జెరోమ్ లెజూన్ గట్టి కాథలిక్కు, భక్తికీ ఆ నిజానికీ ఆయనకు గొడవేమీ రాలేదు. తల్లి చేసిన తప్పు వల్ల కాదని ఆమెకు డాక్టరు చెబుతాడు. మీరు ఏ జన్మదో ఒక తప్పును తెచ్చి మళ్లీ ఆమె ఒళ్లోనో బిడ్డ ఒంట్లోనో పెడతారు. ఆమెకు ఆ తప్పు గుర్తులేదు, కాబట్టి ఖండించలేదు, పశ్చాత్తాపపడనూ లేదు. నేరం ఏమిటో చెప్పకుండా శిక్ష వేసే కోర్టును మనం లోకంలో ఎక్కడా ఒప్పుకోం.

మూర్ఛవ్యాధి మాట. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఉంది. సరైన మందులు అందితే వారిలో 70 శాతం దాకా మూర్ఛలు రాకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శాపం, దయ్యం, కర్మ అనే మాటల చుట్టూ తిరుగుతూ ఆ మాత్రల దాకా రాని మనిషికి మీ సిద్ధాంతం ఎంత లోతైనదైనా ఏం లాభం?

3. "పరీక్షిస్తున్నాడు. బాధ మనిషిని పెంచుతుంది."

కొన్ని బాధలు పెంచుతాయి, కాదనను. బాధ లేని లోకంలో ధైర్యం, జాలి, ఓర్పు మొలకెత్తవని 1966లో జాన్ హిక్ అనే తాత్వికుడు ఈ వాదనకు మంచి రూపం ఇచ్చాడు. కానీ రోజుల పసికందు ఏ పాఠం నేర్చుకుని పోయింది? తల్లిదండ్రులు నేర్చుకున్నారంటారా? అయితే ఒకరి పాఠానికి ఇంకొకరు పలక అయ్యారన్నమాట.

ఇస్లాం తత్వచింతనలో ఒక కథ చెబుతారు. అల్ అష్అరీ తన గురువు జుబ్బాయీని అడిగాడట: ముగ్గురు అన్నదమ్ములు, ఒకడు భక్తుడిగా, ఒకడు పాపిగా, ఒకడు పసివాడిగా చనిపోయారు. నన్నూ బతకనిచ్చి ఉంటే పుణ్యం చేసి ఉన్నత స్థానం పొందేవాణ్ని కదా అని పసివాడు అడిగితే దేవుడేమంటాడు? "పెద్దయితే పాపివి అవుతావని తెలిసి, నీ మంచికే తీసుకున్నాను" అంటాడని గురువు జవాబు. అప్పుడు నరకం నుంచి పాపి అరుస్తాడు కదా, "నా సంగతీ తెలుసుగా, నన్నెందుకు చిన్నప్పుడే తీసుకోలేదు?" అని. జుబ్బాయీ దగ్గర మాట లేకపోయిందట. వెయ్యేళ్ల నాటి కథ. పసిబిడ్డ పోయిన ఇంట్లో "దేవుడు మంచికే తీసుకున్నాడు" అనే ముందు ఇది ఒక్కసారి తలచుకోండి.

మశూచి సంగతి తీసుకోండి. 20వ శతాబ్దంలోనే 30 కోట్ల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. 1722లో లండన్‌లో ఎడ్మండ్ మాసీ అనే మతగురువు, రోగాలు దేవుడు పంపే పరీక్షలో శిక్షలో అయి ఉంటాయి కాబట్టి మశూచికి అప్పటి తరహా టీకా వేయడం పాపమని ప్రసంగించాడు. టీకా వేసేవాళ్లు ఆగలేదు. 1977లో సోమాలియాలో చివరి సహజ కేసు కనిపించింది. 1980లో ఈ రోగం భూమి మీద లేదని ప్రకటించారు. ఆత్మలను పెంచడానికి మశూచి అవసరమే అయితే, ఆ రోజుతో మానవజాతి ఎదుగుదల కుంటుపడిందని మీరు శోకించి ఉండాల్సింది. ఎవరూ శోకించలేదు. దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. మీ మనసులో ఏముందో మీ వాదన కన్నా ఆ కృతజ్ఞతే నిజంగా చెబుతోంది.

4. "స్వేచ్ఛ ఇచ్చాడు, మనిషి చెడగొట్టాడు."

హంతకుడి విషయంలో ఇది నిలబడుతుంది. హతుడి స్వేచ్ఛ ఏమైందని అడగవచ్చు గానీ, వాదనలో బలముంది. భూకంపానికి, కేన్సర్‌కు మాత్రం వర్తించదు. జంతువులకు అసలే వర్తించదు. బతికున్న గొంగళిపురుగు కడుపులో గుడ్లు పెట్టి, పిల్లల చేత దాన్ని లోపలి నుంచి తినిపించే కందిరీగ జాతిని దయామయుడు కావాలని సృష్టించాడంటే నమ్మలేకపోతున్నానని డార్విన్ 1860లో మిత్రుడు ఏసా గ్రేకు రాశాడు. మనిషి పుట్టి తప్పు చేయడానికి కోట్ల ఏళ్ల ముందు నుంచీ ప్రాణులు ఇలా నొప్పి పడుతూనే ఉన్నాయి.

5. "దేవుడి లీల మనకు అర్థం కాదు."

మీ జవాబులన్నిటిలో నేను గౌరవించేది ఇదే. ఇందులో నిజాయితీ ఉంది. కానీ దీన్ని ఎత్తుకున్నవాళ్లు చివరిదాకా మోయాలి. లీల అర్థం కానిదైతే చెడు విషయంలో ఎంత అర్థం కాదో మంచి విషయంలోనూ అంతే అర్థం కాదు. ప్రమాదంలో నలభై మంది పోయి ఒకరు బతికితే, ఆ ఒక్కరినీ వేదిక ఎక్కించి "దేవుడు నిన్ను కాపాడాడు" అంటారు. ఆ నలభై మంది గురించి అడిగితే అప్పుడు లీల మనకు అర్థం కాదంటారు. బతికినప్పుడు చదవగలిగిన దేవుడి మనసు, చచ్చినప్పుడు చదవలేనిది ఎలా అయింది? పోయినవాళ్ల తల్లులు అదే సభలో కూర్చుని వింటుంటారు. వారికి వినిపించేది "నీ కొడుకు ప్రార్థన లెక్కకు రాలేదు" అనే.

6. నేరస్థుడు తప్పించుకుంటున్నాడు.

సామాన్యుడికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. తర్వాతి ఏళ్లలో సుమారు 10 లక్షల మంది ఆకలితో, రోగాలతో పోయారు. అదే కాలంలో ఆ దేశం నుంచి తిండిగింజలు ఓడల్లో బయటికి వెళ్తూనే ఉన్నాయి. సహాయ చర్యలను చూసే బ్రిటిష్ ఖజానా ఉన్నతాధికారి చార్లెస్ ట్రెవెల్యన్ 1848లో దీని గురించి రాస్తూ, ఐర్లండ్ సమాజంలో లోతుగా పాతుకున్న చెడును సర్వజ్ఞుడు, దయామయుడు అయిన దైవం నేరుగా కొట్టి బయటపెట్టిందన్నాడు. తెగులు ప్రకృతిది. ధాన్యాన్ని ఎటు పంపాలి, ఎవరికి ఎంత పెట్టాలి అనేవి కార్యాలయాల్లో తీసుకున్న నిర్ణయాలు. వాటికి బాధ్యత ఎవరిదో అడగాల్సిన చోట "దైవం" అనే మాట వచ్చి కూర్చుంది. కూలిన వంతెనకు, కల్తీ మందుకు, తాళం వేసిన కర్మాగారంలో అంటుకున్న మంటకు మీరు విధి అని పేరు పెట్టిన ప్రతిసారీ ఒక సంతకం, ఒక లంచం, ఒక పేరు ఊపిరి పీల్చుకుంటాయి.

మనం ఎందుకిలా చేస్తామో మనస్తత్వ శాస్త్రవేత్తలు కొంత చూపించారు. 1966లో మెల్విన్ లెర్నర్, కేరొలిన్ సిమన్స్ ఒక ప్రయోగం చేశారు. ఒక స్త్రీకి కరెంటు షాకులు తగులుతున్నట్టు (నిజానికి అది నటన) చూపించారు. ఆమె బాధ ఇంకా కొనసాగుతుందని, తాము ఆపలేమని అనుకున్న ప్రేక్షకులు ఆమెనే చిన్నచూపు చూడటం మొదలుపెట్టారు. లోకం న్యాయంగా నడుస్తోందనే నమ్మకం చెదరకుండా ఉండాలంటే, బాధపడేవాడిలో ఏదో తప్పు ఉండి తీరాలి. మీ వివరణల్లో చాలావాటిని నడిపించేది భక్తి కాదేమో, ఈ భయమేనేమో ఆలోచించండి.

ఇవన్నీ బయటివాడి మాటలని కొట్టిపారేస్తారేమో. మీ గ్రంథాల దగ్గరికే వద్దాం. బైబిల్లో యోబు అనే భక్తుడు సర్వం కోల్పోయి బూడిదలో కూర్చుంటే ముగ్గురు స్నేహితులు వచ్చి, నువ్వేదో పాపం చేసి ఉంటావని శాస్త్రోక్తంగా వివరించారు. యోబు ఒప్పుకోలేదు, దేవుడితోనే వాదానికి దిగాడు. చివరికి దేవుడు కోపగించింది ఆ ముగ్గురి మీద. నా సేవకుడు యోబులా మీరు నా గురించి సరిగా మాట్లాడలేదన్నాడు. పుట్టుగుడ్డివాణ్ని చూపించి, ఎవరి పాపం, ఇతనిదా తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే, యేసు ఇద్దరిదీ కాదన్నాడు. మహమ్మద్ ప్రవక్త పసికొడుకు ఇబ్రాహీం చనిపోయిన రోజు సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ పోయినందుకే గ్రహణమని జనం అనుకున్నారు. ఎవరి చావుకోసమో పుట్టుకకోసమో సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని ఆ తండ్రే సరిదిద్దాడు. అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనా అని సీవకుడనే పరివ్రాజకుడు అడిగితే బుద్ధుడు కాదన్నాడు: పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు, ఇతరులు కొట్టిన దెబ్బ, ఇలా ఎనిమిది కారణాలు చెప్పి, కర్మను అందులో ఒకటిగా మాత్రమే లెక్కపెట్టాడు. భారతం అరణ్యపర్వంలో ద్రౌపది, విధాత మనల్ని కన్నవాళ్లలా చూడటం లేదు, పిల్లవాడు బొమ్మలతో ఆడినట్టు ఆడుకుంటున్నాడని ధర్మరాజు ముఖం మీదే అంది. ఆయన నాస్తికపు మాట అని మందలించాడు. వ్యాసుడు మాత్రం ఆ మాటను కథలో నుంచి తీసేయలేదు.

అంటే ఏమిటి? ఈ సంప్రదాయాల్లో ప్రతిదానిలోనూ ఎవరో ఒకరు, చాలాచోట్ల అందరికన్నా పెద్దవారే, బాధపడేవాడి మీద కారణం రుద్దడానికి నిరాకరించారు. ఇవి మీకు తెలియనివి కావు. ప్రవచనానికి ఎంచుకోరు, అంతే.

మీ వైపు నుంచి వచ్చే ఒక అభ్యంతరం న్యాయమైనదే. "నా జబ్బు నన్ను దేవుడికి దగ్గర చేసింది" అని రోగే చెప్పినప్పుడు కాదనడానికి నువ్వెవరివి అంటారు. నేనెవర్నీ కాను. తన బాధకు తాను వెతుక్కున్న అర్థం ఆ మనిషి సొంతం. అదే వాక్యాన్ని పక్కింటి మనిషి తెచ్చి ఆమె మంచం పక్కన పెడితే అది ఆమె సొంతం కాదు. నా అభ్యంతరం అంతా ఈ రెండో వాక్యం మీదే.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. ఏ ఒక్క మనిషి రోగానికీ, వైకల్యానికీ, సంతానం లేకపోవడానికీ, అత్యాచారానికీ, బిడ్డ మరణానికీ మతపరమైన కారణం చెప్పడం మానండి. సభలో గానీ, ఇంట్లో గానీ, చెవిలో గానీ.

2. విపత్తు జరిగినప్పుడు "పాపాల ఫలం" అనే ప్రసంగాలు ఆపండి. మీలో ఎవరైనా అలా మాట్లాడితే మిగతావాళ్లు పేరు పెట్టి, బహిరంగంగా ఖండించండి. ఠాగూర్ తనకెంతో ప్రియమైన గాంధీనే ఖండించగలిగినప్పుడు మీకు మీ తోటి బోధకుణ్ని ఖండించడం అంత కష్టం కాకూడదు.

3. జబ్బు గురించి ఎవరు మీ దగ్గరికి వచ్చినా మొదటి మాట "డాక్టరుకు చూపించారా" అన్నదే కావాలి. ప్రార్థన తర్వాత చేసుకోవచ్చు. మందులు మాన్పించే బోధకుణ్ని మీ వేదిక మీదికి రానివ్వకండి.

4. బతికి బయటపడినవాళ్ల సాక్ష్యాలు చెప్పించేటప్పుడు, అదే ప్రార్థన చేసి దక్కనివాళ్ల కుటుంబాలు ఎదురుగా ఉన్నాయని గుర్తుపెట్టుకుని మాట్లాడండి.

5. మనుషుల నిర్లక్ష్యం వల్లో దురాశ వల్లో జరిగిన చావుల దగ్గర విధి, కర్మ, దైవనిర్ణయం అనే మాటలు వాడకండి. బాధ్యులెవరని మీరే ముందు అడగండి. మీ మాటకు అధికారుల దగ్గర ఉన్న బరువు మా మాటకు లేదు.

6. ప్రశ్న అడిగినవాణ్ని నాస్తికుడని, విశ్వాసం చాలనివాడని సభలో చిన్నబుచ్చకండి. "నాకు తెలియదు" అని చెప్పడం మీ విద్యార్థులకు నేర్పండి. యోబు స్నేహితుల ప్రసంగాలూ, ద్రౌపది వాదనా, అష్అరీ కథా, 37వ సూత్రం మీద భాష్యమూ మీ బోధకుల శిక్షణలో పాఠంగా పెట్టండి. పరీక్ష కూడా పెట్టండి.

వీటిలో మీకు ఒప్పుకోలేనిది ఏదైనా ఉంటే దాని అంకె వేసి, ఎందుకు ఒప్పుకోలేరో రాతపూర్వకంగా, మీ శ్రోతలందరికీ కనిపించేలా జవాబివ్వండి. మొదటి డిమాండ్ విషయంలో మాత్రం జవాబు రాసేదాకా ఆగనక్కర్లేదు. అది ఈ రోజు నుంచే అమలు చేయవచ్చు.

ఇట్లు,
మీ సభల్లో వెనక వరుసలో కూర్చునే ఒక శ్రోత